ఎదురైతే దిగవలెను

ఆ బోర్డు మీద అక్షరాలు పెయింటరువి. మాట మాత్రం నాది. ఇన్నేళ్ళలో ఆ సంగతి మా ఆవిడ తప్ప నన్నెవరూ అడగలేదు, నాకై నేనూ ఎత్తలేదు.

మా ఊరు రామచంద్రపురానికి తొమ్మిది కిలోమీటర్లు, కాలువ వెంటే. 2003లో పుష్కరాలు వచ్చినప్పుడు ఎక్కడెక్కడి గట్లకో మంచి రోజులొచ్చాయి, మా గట్టుకీ వచ్చాయి. కాలువ లాకుల దగ్గర్నుంచి పాత వంతెన దాకా కిలోమీటరున్నర పొడుగున తుప్పలు కొట్టించి, గ్రావెల్ పోసి, రోలరు తిప్పి, పది సిమెంటు బెంచీలు వేశారు. మధ్యలో ఒక సిమెంటు కొంగ, ఒక సిమెంటు జింక. మొదట్లో ఇనప కమాను కట్టి పార్కు అని పేరు రాశారు. అంతకుముందు రోజు దాకా అది గట్టు. మర్నాటి నుంచి పార్కు.

ఏడడుగుల వెడల్పు ఉంటుంది. ఒక పక్క కాలువ, ఇంకో పక్క చేలల్లోకి జారుడు. పొద్దున్న ఐదున్నరకి ఆ ఏడడుగుల్లో ఎవరెవరు ఉండేవారో చెప్తాను. షుగరున్నవాళ్ళు, బీపీ ఉన్నవాళ్ళు, ఏమీ లేకపోయినా భార్య పంపిస్తే వచ్చినవాళ్ళు. చేతులు పైకెత్తి పెద్దగా నవ్వే బ్యాచి ఒకటి. వీళ్ళ మధ్యలోంచి పాల క్యాన్ల సైకిళ్ళు, కొబ్బరికాయల సైకిళ్ళు, ట్యూషన్లకెళ్ళే ఆడపిల్లల సైకిళ్ళు. ఆ సైకిళ్ళకి గట్టు కొత్త కాదు. లాకుల అవతల ఊళ్ళకి అదే దగ్గర దారి. రోడ్డు మీద నుంచి వెళ్తే మూడు కిలోమీటర్లు చుట్టు, పైగా ఇటుక లారీలు. కొత్తగా వచ్చింది మేమే, నడిచేవాళ్ళం. కానీ పార్కు అని పేరు పడేసరికి అది మాదీ, సైకిళ్ళవాళ్ళు మా దాంట్లోకి వచ్చినవాళ్ళూ అన్నట్టు తయారైంది.

నా పేరు గంగరాజు. ఎరువుల కొట్టు ఉంది, నాలుగెకరాల వరి ఉంది. చదువు ఎనిమిదితో ఆగిపోయింది. అప్పటికి యాభై రెండేళ్ళు, కొత్తగా షుగరు బయటపడింది. నాకు నలుగురిలో మాట్లాడటం ఇష్టం. అంచేత గట్టు మీద వాకర్స్ అసోసియేషన్ అని పెట్టినప్పుడు నన్ను సెక్రటరీని చేశారు. ప్రెసిడెంటు చంద్రరావు గారు, రెవెన్యూలో చేసి రిటైరయ్యారు. రిటైరయ్యారని మేం అనుకున్నాం గానీ ఆయన అనుకోలేదు.

మరుసటి ఏడాది మాఘమాసంలో సుబ్బాయమ్మ గారిని సైకిలు గుద్దింది. కొబ్బరికాయల బస్తా వేసుకెళ్ళేవాడెవడో వెనకనుంచి వచ్చి తగిలించాడు, ఆగనైనా ఆగలేదు. ఆవిడ మణికట్టు విరిగింది. ఆ మర్నాడు సిమెంటు జింక దగ్గర మీటింగు పెట్టాం. సుబ్బాయమ్మ గారు కట్టుతో సహా వచ్చారు.

"నేను పక్కగానే నడుస్తున్నానండి బాబూ. బెల్లు లేదు, ఏం లేదు. దబ్బుమని పడ్డాను."

పక్కగానే నడుస్తున్నారు, నిజమే. నలుగురు ఆడవాళ్ళు వరసగా నడుస్తుంటే ఈవిడ ఆ చివర. ఆ మాట ఎవరూ అనలేదు.

"పొద్దున్న ఐదు నుంచి ఎనిమిది దాకా సైకిలు గట్టెక్కకూడదండి. అంతే," అన్నారు చంద్రరావు గారు.

తాతాజీ అని మాలో ఒకాయనకి టిఫిను హోటలు ఉంది. "ఎక్కకపోతే నా హోటలుకి పాలెవడు తెస్తాడండి? తమరు తెస్తారా, క్యాను నెత్తినెట్టుకుని?"

అందరూ నవ్వారు. చంద్రరావు గారు నవ్వలేదు. "పోనీ ఈ కమాను దగ్గర దిగి, ఆ వంతెన దాకా నడిపించుకుని పొమ్మనండి."

అప్పుడు నేను కలగజేసుకున్నాను. నిజం చెప్తున్నాను, మంచి ఉద్దేశంతోనే. నలభై లీటర్ల క్యాన్లు కట్టుకున్నవాడు కిలోమీటరున్నర తోసుకుంటూ ఎలా పోతాడు?

"అంతా దిగి నడవమంటే అన్యాయమండి," అన్నాను. "మధ్యేమార్గంగా పోదాం. మనిషి ఎదురైనప్పుడు దిగమందాం. మనిషి దాటాక మళ్ళీ ఎక్కుతాడు. ఖాళీగా ఉన్నచోట తొక్కుకుంటాడు. వాడికీ బాధ లేదు, మనకీ భయం లేదు."

"అద్గదీ," అన్నాడు తాతాజీ. "గంగరాజు గారు ఎనిమిదిలో ఆగారు గానీ, లేకపోతే జడ్జీ అయిపోదురు."

బోర్డు నేనే రాయించాను. పసుపు రేకు మీద నల్ల అక్షరాలు. "సైకిలు వారికి మనవి. ఉదయం 5 నుండి 8 వరకు వాకర్లు ఎదురైనచో సైకిలు దిగవలెను. వారు దాటిన పిమ్మట ఎక్కవలెను." కమానుకి ఒకటి, వంతెన దగ్గర ఒకటి కట్టించాను.

బోర్డు రేకులు ఇంటికి తెచ్చి ఆరబెట్టినప్పుడు మా ఆవిడ రత్నమాణిక్యం చదివింది. పైకే చదివింది. 

"ఎదురైతే దిగాలా?"

"ఆఁ."

"ఈ ముక్క ఎవరు రాశారండీ?"

"నేనే. ఏం, బాలేదా?"

"బాగానే ఉంది," అని లోపలికెళ్ళిపోయింది. ఆవిడకి నచ్చితే వంక పెడుతుంది. నచ్చకపోతేనే బాగుందంటుంది. పాతికేళ్ళ కాపురంలో ఆ మాత్రం తెలుసు నాకు. అయినా ఏంటని అడగలేదు.

మొదటి వారం జనం బాగా దిగారు. పాలవాళ్ళు దిగారు, ఆడపిల్లలు దిగారు, కొబ్బరికాయలవాళ్ళు గొణుక్కుంటూ దిగారు. చంద్రరావు గారు దాటాక వేళ్ళు రెండు ఊపి "ఎక్కు, ఎక్కు" అనేవారు. నాకూ ఆ అలవాటు వచ్చింది. దాచుకోవడం ఎందుకు, బాగుండేది. దూరం నుంచి మనల్ని చూసి ఒక మనిషి బ్రేకు నొక్కి, కాలు కింద పెట్టి, మనం వెళ్ళేదాకా హ్యాండిలు పట్టుకుని నిలబడితే మన నడకే మారిపోతుంది. షుగరు సంగతి గుర్తుండదు.

దిగనివాడు ఒక్కడే. విజయ్ పాల్.

విజయ్ పాల్ లాకుల అవతలి స్కూల్లో మాస్టారు. ఉండేది మా ఊరి చివర చర్చిపేటలో. పదో క్లాసు పిల్లలకి ఆరున్నరకి ఊరికే చదువు చెప్పేవాడు, ఆ తర్వాత స్కూలు. అంచేత ఆరుంబావుకల్లా గట్టు మీద ఉండేవాడు. తెల్ల చొక్కా, ప్యాంటుకి క్లిప్పు, హ్యాండిలుకి అన్నం క్యారేజీ. ఇరవై ఎనిమిదేళ్ళు అదే వేళ, అదే దారి. మనిషి కనపడితే వేగం తగ్గించి, రెండుసార్లు బెల్లు కొట్టి, కాలువ వైపు అంచు పట్టుకుని చీమని తొక్కనంత నెమ్మదిగా దాటేవాడు. బోర్డు పెట్టాక కూడా అలాగే దాటాడు.

వాడు నాకంటే ఏడాది పెద్ద, కానీ చర్చి స్కూల్లో ఒకే క్లాసు. నాకు సైకిలు నేర్పింది వాడే, ఈ గట్టు మీదే. సీటు అందని వయసు, కడ్డీ కింద నుంచి కాలు దూర్చి తొక్కేవాణ్ణి. వాడు వెనక క్యారియరు పట్టుకుని పరిగెత్తేవాడు. ఆ సైకిలు వాళ్ళ నాన్నది. వాళ్ళ నాన్న రాజరత్నం గారు చర్చి స్కూల్లో పంతులు. చర్చిపేటలో మొదటి సైకిలు అదే.

ఇక్కడ ఒక పాత సంగతి చెప్పాలి. మా నాన్న ఊళ్ళో పెద్ద రైతు. పొద్దునా సాయంత్రం వీధరుగు మీద కూర్చునేవాడు. చర్చిపేట వాళ్ళెవరైనా సైకిలు మీద మా వీధిలోకి వస్తే, అరుగు ఇంకా పదిగజాలు ఉందనగా దిగి, తలదించుకుని నడిపించుకుంటూ అరుగు దాటాక ఎక్కాలి. దానికి బోర్డేమీ లేదు. అందరికీ తెలుసు. రాజరత్నం పంతులు గారు నాకు ఎక్కాలు నేర్పిన మనిషి. ఆయనా దిగేవారు. ఒకరోజు వాన, బురద. ఆయన దిగలేదు, తొక్కుకుంటూ పోయారు. మర్నాడు మా నాన్న ఆయన్ని పిలిచి అరుగు కింద నిలబెట్టి, చదువులు ఎలా సాగుతున్నాయి పంతులూ అని నవ్వుతూ మాట్లాడాడు. మాట్లాడుతూ నాకు కన్ను గీటాడు. నేను వెనకనుంచి వెళ్ళి ఆ సైకిలు రెండు చక్రాల్లోనూ గాలి తీసేశాను. పదేళ్ళు నాకు. ఆటలా ఉంది. రాజరత్నం గారు సైకిలు దగ్గరకొచ్చి చక్రాలు చూసి, స్కూలుదాకా తోసుకుంటూ వెళ్ళారు.

విజయ్ పాల్ ఆ సంగతి ఎప్పుడూ ఎత్తలేదు. గాలి తీసింది నేనని వాడికి తెలీదనుకున్నాను. నలభై ఏళ్ళు అలాగే అనుకున్నాను.

పది రోజులయ్యేసరికి బెంచీల దగ్గర గొణుగుడు మొదలైంది.

"మాస్టారికి చదువు రాదాండీ? బోర్డు కనపళ్ళేదా?" సుబ్బాయమ్మ గారు అన్నారు.

"చదువు ఎక్కువైందండి, అదీ బాధ," అన్నారు చంద్రరావు గారు.

అదే వారంలో డాక్టరు గారల్లుడు హైదరాబాదు నుంచి వచ్చి గేరు సైకిలు మీద గట్టంతా రయ్యిమని తిరిగాడు. సుబ్బాయమ్మ గారే పక్కకి జరిగి, "ఎన్ని గేర్లు బాబూ?" అని అడిగారు. ఆ కుర్రాడు దిగలేదని ఎవరికీ తట్టలేదు. అప్పుడు నాకూ తట్టలేదు.

"మీ క్లాసుమేటే కదండీ. మీరు చెప్పండి," అన్నారు చంద్రరావు గారు నాతో.

ఆ మధ్యాహ్నం స్కూలుకెళ్ళాను. విజయ్ పాల్ వరండాలో కూర్చుని అన్నం తింటున్నాడు.

"రారా గంగా. తింటావా?"

"తినొచ్చానురా. నీతో చిన్న మాట."

"బోర్డు సంగతేనా?" నవ్వాడు. "అక్షరాలు బావున్నాయి."

"మరి దిగొచ్చు కదరా. ఒక్క నిమిషం పని."

"నేనెవర్నైనా గుద్దానా?"

"లేదు."

"బెల్లు కొట్టకుండా పోయానా?"

"లేదురా బాబూ. రూలు అందరికీ ఒకటే కదా."

వాడు క్యారేజీ గిన్నెలో చెయ్యి కడుక్కున్నాడు. తుండుతో నిదానంగా తుడుచుకున్నాడు. "రూలు పెట్టడం తప్పనట్లేదు. ఆవిడ చెయ్యి విరిగింది, నాకూ బాధే. ఒక పని చెయ్యి. 'వాకర్లు ఎదురైనచో' అన్న ముక్కా, 'దాటిన పిమ్మట ఎక్కవలెను' అన్న ముక్కా కొట్టేయించు. ఈ చివర్నుంచి ఆ చివరకి అందర్నీ దిగి నడవమను. రేపు పొద్దున్న మొదట దిగేది నేనే. కిలోమీటరున్నరా తోసుకుంటూ పోతాను."

"అది ఎక్కువ కష్టం కదరా. నీ మంచికే కదా నేను తగ్గించింది."

"గట్టుని చూసి దిగమంటే దిగుతాను. మనిషిని చూసి దిగమంటే దిగను."

నాకు అర్థమైంది. అర్థం కాలేదని ఇక్కడ రాస్తే అబద్ధం. మా అరుగు కళ్ళముందుకొచ్చింది. రత్నమాణిక్యం బోర్డు చదివి బాగుందని ఎందుకందో కూడా అప్పుడే తెలిసింది. అయినా నా నోట్లోంచి వచ్చింది వేరే మాట.

"పోనీ, నీకొక్కడికీ మినహాయింపు ఇప్పిస్తాను. మాస్టారు దిగక్కర్లేదని కమిటీలో చెప్తాను. సెక్రటరీని కదా."

వాడు నా మొహం వంక చూశాడు. కోపం కాదు. లెక్క తప్పు చేసిన పిల్లవాణ్ణి చూసినట్టు చూశాడు.

"తొక్కడానికి నాకు పర్మిషనా? మీ నాన్న కూడా కొందరికి ఇచ్చేవాడు. కరణంగారి గుమాస్తాకి ఇచ్చాడు." లేచి గిన్నెలు సర్దుకున్నాడు. "రెండు ముక్కలురా గంగా. పెయింటు డబ్బా నేనిస్తాను కావాలంటే."

చెరిపిస్తానని చెప్పాను. మాటిచ్చాను.

మర్నాడు బెంచీ దగ్గర ఆ సంగతి ఎత్తాను. ఎత్తాననడం కూడా ఎక్కువే. "బోర్డు మీద మాట కొంచెం మారిస్తే ఎలా ఉంటుందంటారు?" అన్నాను.

"ఎందుకు?" అన్నారు చంద్రరావు గారు.

"అబ్బే, ఊరికే. గట్టంతా దిగమంటే గొడవుండదేమోనని."

"మొన్న అదే కదండీ నేనన్నది. అన్యాయమని మీరే అన్నారు. ఇప్పుడు మారిస్తే ఎవరి కోసం మార్చినట్టవుద్ది? ఆయన దిగనన్నాడని అసోసియేషన్ దిగొచ్చినట్టవుద్ది."

"గంగరాజు గారిని మాస్టారు బెంచీ ఎక్కించి పంపినట్టున్నాడు," అన్నాడు తాతాజీ.

నవ్వారు. నేనూ నవ్వాను. అక్కడ నవ్వకుండా ఉండాల్సింది. ఇది అరుగు ముందు దిగడంలాంటిదే అని అనాల్సింది. కానీ ఆ మాటంటే ఎవరి అరుగు అని అడుగుతారు. మా నాన్న పేరు వస్తుంది. ఆయన పేరుమీద గుళ్ళో పంపు వేయించాను, రాయి మీద పేరు చెక్కించాను. ఆ బెంచీ మీద ఆ పేరుని కింద పెట్టలేకపోయాను.

విజయ్ పాల్ కనపడ్డప్పుడల్లా "మాట్లాడుతున్నానురా, అయిపోతుంది" అనేవాణ్ణి. వాడు తలూపేవాడు. బెల్లు రెండుసార్లు కొట్టి దాటేవాడు. అలా పదిహేను రోజులు.

ఉగాది వెళ్ళిన వారానికి చంద్రరావు గారు తీర్మానించారు. "రేపు అందరం తూము దగ్గర నిలబడదాం. ఎలా దిగడో చూద్దాం. గొడవొద్దు, మర్యాదగానే. సెక్రటరీగారు ముందుంటారు."

తూము దగ్గర గట్టు సన్నబడుతుంది, నాలుగడుగులుంటుంది అంతే. చేలకి నీళ్ళు వదిలే చోటు. రాత్రంతా అనుకున్నాను, పొద్దున్న వెళ్ళకూడదని. ఒళ్ళు బాగోలేదని చెప్పొచ్చని. ఐదింటికి లేచి బూట్లు వేసుకున్నాను.

ఎనిమిది మందిమి ఇద్దరేసి చొప్పున దారికి అడ్డంగా నిలబడ్డాం. ఆరుంబావుకి వాడు వచ్చాడు. దూరం నుంచే చూశాడు. వేగం తగ్గించాడు. బెల్లు రెండుసార్లు కొట్టాడు.

"ఆగండి మాస్టారూ," అన్నారు చంద్రరావు గారు. "దిగండి."

వాడు ఆయన వైపు చూడలేదు. సందు కోసం చూశాడు. ముందు వరసలో కాలువ వైపు నేనున్నాను. నాకూ అంచుకీ మధ్య మూరెడు జాగా ఉంది. వాడు హ్యాండిలు నా వైపు తిప్పాడు. నన్ను చూసే తిప్పాడు. నేను జరుగుతాననుకున్నాడు.

జరగొచ్చు. ఒక్క అడుగు. వెనకనుంచి తాతాజీ అన్నాడు, "ఇప్పుడు చూడాలి సెక్రటరీగారి సంగతి." నా చెయ్యి ముందుకెళ్ళింది. హ్యాండిలు పట్టుకున్నాను. రెండు చేతులా పట్టుకున్నాను.

సైకిలు ఒరిగింది. వాడి కాలు కింద ఆనింది. క్యారేజీ మూత ఊడి పప్పు నా చేతుల మీద ఒలికింది, ఇంకా వేడిగా ఉంది. వెనక ఎవరో చప్పట్లు కొట్టబోయి ఆగిపోయారు.

"పడతావేమోనని పట్టుకున్నానురా," అన్నాను. నిజానికి నాకే వినపడేటట్టు అన్నాను.

విజయ్ పాల్ గొంతు పెంచలేదు.

"ఆరోజు మీ నాన్న చెప్తే గాలి తీశావు. చిన్నవాడివి. మా నాన్న కూడా అదే అన్నాడు, చిన్న పిల్లాడు వాడినేం అనకు అని." నా చేతుల వంక చూశాడు. "ఇవాళ ఎవరు చెప్పార్రా?"

చంద్రరావు గారు, "ఏంటి, ఏం గాలి?" అంటున్నారు. నేను చేతులు తీసేశాను. వాడు క్యారేజీ మూత పెట్టుకున్నాడు. దారి ఇస్తామన్నట్టు మావాళ్ళు ఒకళ్ళిద్దరు పక్కకి జరిగారు. ఆ మధ్యలోంచి సైకిలు నడిపించుకుంటూ వాడు వెళ్ళలేదు. సైకిలుని రెండు చేతులా ఎత్తి, ఆ నాలుగడుగుల్లోనే వెనక్కి తిప్పి, ఎక్కి, వచ్చిన దారినే వెళ్ళిపోయాడు.

"దిగాడా లేదా? అదీ సంగతి," అన్నారు చంద్రరావు గారు. తాతాజీ ఏ జోకూ వెయ్యలేదు.

ఇంటికెళ్తే రత్నమాణిక్యం గుమ్మంలోనే అడిగింది.

"అదేంటండీ చేతులకి?"

"పప్పు."

"ఎవరిది?"

చెప్పాను. అంతా చెప్పాను. గాలి తీసిన సంగతి కూడా ఆరోజే మొదటిసారి చెప్పాను. ఆవిడ చెంబుతో నీళ్ళు తెచ్చి గుమ్మం బయటే పోసింది. "రెండు ముక్కలు చెరపడానికి ఎంత పెయింటు పడుతుందండీ?" అంది. మళ్ళీ ఎప్పుడూ ఆ ఊసెత్తలేదు.

ఆ రోజు నుంచి విజయ్ పాల్ గట్టు ఎక్కలేదు. రోడ్డు మీద నుంచే వెళ్ళేవాడు, చుట్టూ తిరిగి, లారీల దుమ్ములో, ఐదున్నరకే బయల్దేరి. నేను రెండుసార్లు వాళ్ళింటికెళ్ళాను. "రండి గంగరాజు గారూ, కూర్చోండి" అన్నాడు. టీ ఇప్పించాడు. చిన్నప్పట్నుంచీ ఒరే అన్న నోటితో గారూ అన్నాడు. రెండోసారీ అలాగే అన్నాడు. మూడోసారి వెళ్ళలేదు.

బోర్డు సంగతి చెప్పాలి కదా. ఎండలు ముదిరేసరికి చంద్రరావు గారు మోకాళ్ళ నొప్పులని నడక మానేశారు. దిగమనడానికి ఎవరికీ ఓపిక లేకపోయింది. పాలవాళ్ళు దిగడం మానేశారు. ఆడపిల్లలు మానేశారు. జ్యేష్ఠమాసానికల్లా అందరూ ఎప్పట్లాగే తొక్కుకుంటూ పోతున్నారు, సుబ్బాయమ్మ గారు కట్టు విప్పించుకుని మళ్ళీ నలుగురితో వరసగా నడుస్తున్నారు. మొత్తం మీద మా రూలు బతికింది మూడు నెలలు. అది గట్టు దింపింది ఒక్క మనిషిని. బోర్డు అక్కడే ఉంది. నాలుగు వానలకి పసుపు పోయి తుప్పొచ్చింది. తీయించమని చెప్పాల్సింది నేనే. చెప్పలేదు.

2008 చివర్లో నా మోకాళ్ళూ పోయాయి. నడవొద్దు, సైకిలు తొక్కండి అన్నాడు డాక్టరు. ఆడవాళ్ళు తొక్కే మోడలు, కడ్డీ లేనిది కొనుక్కున్నాను. పొద్దున్నే గట్టు మీద తొక్కుతున్నాను. జనం ఇంకా పెరిగారు, బెల్లు కొట్టి కొట్టి వేలు నొప్పెడుతుంది. ఎవరూ వినరు, చెవుల్లో వైర్లు. "పెద్దాయనా, చూసుకుని తొక్కండి" అని కసురుతారు.

మొన్న సంక్రాంతి సెలవుల తర్వాత ఒక పొద్దున్న తూము దాటుతున్నాను. ఎదురుగా తెల్ల చొక్కా. నడుస్తున్నాడు. అంతకుముందు నెలలోనే రిటైరయ్యాడని విన్నాను. ఐదేళ్ళ తర్వాత గట్టు మీద వాణ్ణి చూడటం అదే మొదలు. జుట్టంతా నెరిసింది. నెమ్మదిగా, ఒక పక్కగా నడుస్తున్నాడు.

పదిగజాలుండగా బ్రేకు నొక్కాను. మోకాలు పట్టేసింది, అయినా దిగాను. హ్యాండిలు పట్టుకుని అంచున నిలబడ్డాను. వెనక నడిచేవాళ్ళు విసుక్కుని నన్ను తప్పుకుంటూ పోయారు. వాడికి అర్థమవుతుందనుకున్నాను. ఒక్క మాటైనా అంటాడనుకున్నాను. ఒరే అని.

విజయ్ పాల్ దగ్గరకొచ్చాడు. ఆగాడు. వంగి నా సైకిలు ముందు చక్రం చూశాడు. వెనక చక్రం చూశాడు. బొటనవేలితో టైరు నొక్కి చూశాడు.

"గాలి పోయిందాండి?"

"లేదు," అన్నాను.

"మరెందుకు దిగారండి?"

నేను తూము వైపు చూశాను.  వాడు ఒక క్షణం చూసి, మర్యాదగా కాలువ వైపు జరిగి, నాకు దారి వదిలి నిలబడ్డాడు.

"మీరు ఎక్కండి. వెనక జనం ఆగిపోయారు."

ఎక్కాను. వాడు నిలబడే ఉన్నాడు, నేను దాటేదాకా.